అల్యూమినియం కడ్డీపై గీతలు గీసి.. లోహం గుట్టు విప్పిన జెఫ్రీ టేలర్

ఇంజినీరింగ్ పాసై ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక రోలింగ్ మిల్లు ఇంటర్వ్యూకి వెళ్లాను. టేబుల్ మీద చిన్న అల్యూమినియం గిన్నె పెట్టారు. పల్చటి రేకును గుండ్రంగా కోసి, ప్రెస్‌లో పెట్టి, ఒక్క దెబ్బకు గిన్నెలా లాగినది. దాని అంచు సమంగా లేదు. నాలుగు చోట్ల పైకి లేచి, మధ్యలో నాలుగు చోట్ల కిందికి దిగి, చెవులు మొలిచినట్టుంది. ఎందుకిలా వచ్చిందో చెప్పమన్నారు. డై సరిగ్గా కూర్చోలేదేమో అన్నాను. నూనె సమంగా పూయలేదేమో అన్నాను. ఇదే రేకులోంచి తీసిన ప్రతి గిన్నెకూ చెవులు అవే నాలుగు దిక్కుల్లో వచ్చాయని, అన్నిసార్లూ డై ఒకేలా తప్పుతుందా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగమూ రాలేదు.

బాన్సువాడలో బస్సు దిగి నిజాంసాగర్ చేరేదాకా ఆ గిన్నే కళ్ల ముందు తిరిగింది. ఇంటికొచ్చి ఫోన్లో వెతకడం మొదలుపెడితే ఒక లింకు నుంచి ఇంకో లింకుకు పోతూ, చివరికి 1923లో వచ్చిన ఒక పరిశోధన పత్రం దగ్గర ఆగాను. ఆ సంవత్సరం మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మంజీరా మీద మా నిజాంసాగర్ ప్రాజెక్టు పనులు మొదలైంది 1923లోనే. ఇక్కడ నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో ఆనకట్ట లేస్తున్నప్పుడు, ఇంగ్లండ్‌లో ఇద్దరు మనుషులు ఒక అల్యూమినియం కడ్డీని సాగదీసి దాని మీది గీతలు ఎంత వంగాయో కొలుస్తున్నారు. ఒకరు జెఫ్రీ ఇంగ్రమ్ టేలర్. ఇంకొకరు కాన్‌స్టన్స్ ఎలమ్. నా గిన్నె చెవులకు జవాబు ఆ గీతల దగ్గర మొదలవుతుంది.

బూల్ గారి మనవడు

టేలర్ 1886 మార్చి 7న లండన్‌లో పుట్టారు. తండ్రి చిత్రకారుడు. తల్లి మార్గరెట్ ఎవరో చెబితే సీఎస్‌ఈ వాళ్లు ఒక్కసారి తలెత్తుతారు. ఆమె జార్జ్ బూల్ కూతురు. మీరు ప్రోగ్రాంలో రాసే బూలియన్, ఫస్టియర్‌లో చదివే బూలియన్ ఆల్జీబ్రా, అన్నీ ఆయన పేరు మీదివే. అమ్మమ్మ మేరీ, సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్‌కు తమ్ముడి కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి, అంటే ఎవరెస్ట్ ఆమెకు సొంత పెదనాన్న వరస. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి పేరిచ్చిన ఆ ఎవరెస్ట్ మనకు మరీ దూరం మనిషేం కాదు. 1818లో హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచాన పడ్డాడు. కోలుకోవడానికి సముద్రం దాటి కేప్ దాకా పోవాల్సి వచ్చింది.

ఇంత పెద్ద ఇంట్లో పుడితే ఎవరైనా సైంటిస్టు అవుతారులే అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. ఒక పిన్ని నాలుగు కొలతల జ్యామితిలో కొత్త సంగతులు కనిపెట్టింది, ఇంకో పిన్ని పేరున్న నవలా రచయిత్రి. వాతావరణం ఉపయోగపడింది, కాదనలేం. పిల్లల కోసం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పెట్టే సైన్స్ ఉపన్యాసాలకు చిన్నప్పుడే వెళ్లారు. కానీ టేలర్ జీవితం చదువుతుంటే నాకు కనిపించింది వేరే. ఖరీదైన సామాను అక్కర్లేకుండా, చేతికి దొరికిన దాంతో ప్రయోగం చేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో లెక్కలు, తర్వాత ఫిజిక్స్ చదివారు. మొదటి పరిశోధనే చూడండి. కాంతిని బాగా మందగిస్తే అలల లక్షణం పోతుందా అన్నది ప్రశ్న. గ్యాస్ దీపం, మసి పట్టించిన గాజు ముక్కలు, ఒక సూది, ఒక ఫొటో ప్లేటు. ఇంతే సరంజామా. కాంతి ఎంత తక్కువంటే ప్లేటు మీద సూది నీడ పడటానికి దాదాపు 2000 గంటలు పట్టింది. అంటే సుమారు మూడు నెలలు. ఆ సమయంలో టేలర్ పక్కన కాపలా కూర్చోలేదు, పడవెక్కి సముద్రంలో తిరగడానికి పోయారు. 1909లో ఆ ఫలితం అచ్చయింది. ఆ తర్వాత ఆ విషయం జోలికే పోలేదు.

అక్కడి నుంచి దారి ఎటెటో పోయింది. షాక్ వేవ్‌ల మీద రాసిన వ్యాసానికి బహుమతి, 1910లో ట్రినిటీ ఫెలోషిప్, తర్వాత వాతావరణ శాస్త్రంలో రీడర్ పోస్టు. 1912లో టైటానిక్ మునిగింది. మంచుకొండల మీద నిఘా పెట్టడానికి మరుసటి ఏడాది స్కోషియా అనే ఓడను పంపితే, వాతావరణ నిపుణుడిగా టేలర్ అందులో వెళ్లారు. డెక్ మీంచి గాలిపటాలు ఎగరేసి ఎత్తు పెరిగే కొద్దీ గాలిలో వేడి, తేమ ఎలా మారుతున్నాయో కొలిచారు. గాలి సుడులు వేడిని ఎలా మోసుకెళ్తాయన్న ఆయన ఆలోచన ఆ గాలిపటాల నుంచి వచ్చిందే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫార్న్‌బరోలోని విమానాల ఫ్యాక్టరీలో పనిచేశారు. విమానం నడపడం నేర్చుకున్నారు, పారాచూట్‌తో దూకారు. ప్రొపెల్లర్ షాఫ్టులు మెలి తిరిగినప్పుడు ఒత్తిడి ఎక్కడ ఎక్కువుంటుందో తేల్చాల్సి వచ్చింది. కంప్యూటర్ లేదు. గ్రిఫిత్ అనే సహోద్యోగితో కలిసి షాఫ్టు కోత ఆకారంలో రేకుకు రంధ్రం చేసి, దానిపై సబ్బు పొర పట్టించి, పొర ఉబ్బిన వాలును కొలిచారు. సబ్బు పొర సమీకరణం, మెలి తిరిగే కడ్డీ సమీకరణం ఒకటే. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో మెంబ్రేన్ అనాలజీ అని చదివి మార్కులు తెచ్చుకున్నాం గానీ, దాన్ని నిజంగా సబ్బుతో చేశారని మాకెవరూ చెప్పలేదు. లోహం ఎందుకు విరుగుతుంది, ఎందుకు సాగుతుంది అన్న ఆలోచన టేలర్ బుర్రలో దూరింది ఈ ఫ్యాక్టరీలోనే.

ఒకే స్ఫటికం ఉన్న కడ్డీ

ఇక్కడ కాసేపు ఆగాలి. మామూలు అల్యూమినియం రేకు ఒకే ముద్ద కాదు. కంటికి ఆనని లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు, అంటే గ్రెయిన్లు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ప్రతి గ్రెయిన్‌లో అణువులు వరసలు కట్టి ఉంటాయి, కానీ పక్క గ్రెయిన్‌లో ఆ వరసల దిక్కు వేరు. ఇలాంటి రేకును లాగితే ఏ గ్రెయిన్ ఎలా కదిలిందో చెప్పడం జాతరలో ఒక్కడి అడుగులు లెక్కపెట్టినట్టే. అందుకే ముందు ఒకే స్ఫటికం ఉన్న కడ్డీ కావాలి.

అది లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో కార్పెంటర్ అనే ప్రొఫెసర్, ఆయన దగ్గర పనిచేస్తున్న కాన్‌స్టన్స్ ఎలమ్ చేసి చూపించారు. అల్యూమినియాన్ని ముందు మెత్తబరిచి, చాలా కొద్దిగా సాగదీసి, మళ్లీ నిదానంగా వేడి చేస్తూ పోతే ఒక గ్రెయిన్ మిగతా వాటిని మింగేస్తూ పెరుగుతుంది. చివరికి కడ్డీ మొత్తం ఒకే స్ఫటికం. సాగదీయడం కాస్త ఎక్కువైనా, తక్కువైనా పని చెడిపోతుంది. ఓపిక కావాల్సిన పని. ఎలమ్ అప్పటికి ఇంకా ముప్పై దాటలేదు. కేంబ్రిడ్జ్‌లో చదువుకున్నారు, కానీ పరీక్షలు పాసైనా ఆడవాళ్లకు ఆ యూనివర్సిటీ పట్టా ఇచ్చేది కాదు. ఇవ్వడం 1948లో మొదలైంది.

ఈ కడ్డీలు టేలర్ చేతికి వచ్చాయి. నలుచదరపు కోత ఉన్న కడ్డీ నాలుగు ముఖాల మీదా సన్నటి గీతలు గీశారు. కడ్డీని కొద్దిగా లాగడం, ఆపి గీతల మధ్య దూరాలు, కోణాలు కొలవడం, మళ్లీ లాగడం. ఎలమ్ ఎక్స్‌రేలతో స్ఫటికం లోపలి దిక్కులు తేల్చారు. ఇక మిగిలింది లెక్క. సాగిన తర్వాత కూడా పొడవు మారని దిక్కులు లోపల ఏవైనా ఉన్నాయా అని టేలర్ చూశారు. ఉన్నాయి. అవన్నీ ఒక సమతలంలో పడ్డాయి. ఆ సమతలం, ఎక్స్‌రే చూపించిన అణువుల వరసల్లో అత్యంత దట్టంగా పేర్చి ఉన్న తలం, రెండూ ఒకటే.

అర్థం కావాలంటే ఒక పేక దస్తా తీసుకోండి. పక్కకు నెడితే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఏ ముక్కా సాగదు, చిరగదు, దస్తా ఆకారం మాత్రం మారిపోతుంది. అల్యూమినియం స్ఫటికం చేసేదీ అదే. జారే తలాలు నాలుగు రకాలు, ఒక్కో తలంలో జారే దిక్కులు మూడు. మొత్తం పన్నెండు దారులు. ఏ దారి మీద జారుడు బలం ఎక్కువ పడుతుందో ఆ దారే తెరుచుకుంటుంది. ఇంకో సంగతి కూడా తేలింది. దస్తా రెండు చివరలూ ఒకే గీతలో పట్టుకుని లాగుతూ పోతే ముక్కలు జారుతూనే లాగే వైపు వాలతాయి కదా. స్ఫటికం కూడా జారుతూ తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ రెండో దారి మీద కూడా బలం సమానమయ్యే చోటికి చేరాక, రెండు దారులూ కలిసి పనిచేయడం మొదలుపెడతాయి.

స్ఫటికం తిరుగుతుంది అన్న ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గిన్నె చెవులకు మూలం ఇదే.

1923లో ఇది రాయల్ సొసైటీ బేకరియన్ ఉపన్యాసంగా టేలర్, ఎలమ్ ఇద్దరి పేరుతోనూ వచ్చింది. అదే ఏడాది టేలర్ అదృష్టం ఇంకోలా కూడా తిరిగింది. ఓడల తయారీదారు ఆల్ఫ్రెడ్ యారో ఇచ్చిన విరాళంతో రాయల్ సొసైటీ ఒక పరిశోధక ప్రొఫెసర్ పోస్టు పెట్టి టేలర్‌కు ఇచ్చింది. క్లాసులు చెప్పక్కర్లేదు. ఆయనకు పాఠం చెప్పడం ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు. కావెండిష్ లాబొరేటరీలో రూథర్‌ఫర్డ్ ఇచ్చిన చోటులో, వాల్టర్ థామ్సన్ అనే టెక్నీషియన్ తోడుగా దశాబ్దాల పాటు పనిచేసుకుంటూ పోయారు. పక్క గదుల్లో అణువును చీల్చుతుంటే ఈయన లోహపు కడ్డీలు సాగదీసుకుంటున్నారు. అప్పట్లో ఏది ఫ్యాషనో చెప్పక్కర్లేదు.

ఎలమ్ సంగతి వేరు. ఫెలోషిప్పుల మీద నెట్టుకొచ్చారు. 1928లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన జార్జ్ టిప్పర్‌ను పెళ్లి చేసుకుని కాన్‌స్టన్స్ టిప్పర్ అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో లిబర్టీ ఓడలు చల్లటి సముద్రంలో ఉన్నట్టుండి రెండుగా పగిలిపోతుంటే, తప్పు వెల్డింగ్‌ది ఒక్కటే కాదు, చలిలో ఆ ఉక్కే గాజులా పెళుసైపోతోందని తేల్చింది ఆమె. కేంబ్రిడ్జ్ ఇంజినీరింగ్ విభాగంలో రీడర్ పోస్టు దక్కేసరికి 1949 వచ్చింది. టేలర్‌కు ముప్పై ఏడేళ్లకే ప్రొఫెసర్ పోస్టు వస్తే, అదే ఉపన్యాసంలో పాలు పంచుకున్న ఆమెకు యాభై ఐదో ఏట రీడర్ హోదా. పాఠ్యపుస్తకాల్లో టేలర్ ఫ్యాక్టర్, టేలర్ మోడల్ అని చదువుతాం. స్ఫటికం పెంచిన చేతుల పేరు ఎక్కడా కనబడదు. ఇది నాకు నచ్చని విషయం, అందుకే ఇంత రాశాను.

పట్టా మడత, మిగిలిపోయిన వేడి

గీతల తర్వాత టేలర్ రెండు పెద్ద ప్రశ్నలు పట్టుకున్నారు. మొదటిది, లోహాన్ని వంచడానికి మనం పెట్టిన శక్తి ఎటు పోతోంది? ముందు ఫారెన్‌తో, తర్వాత క్విన్నీతో కలిసి కొలిస్తే, చాలా మటుకు వేడిగా పోతోందని, కొద్ది భాగం మాత్రం లోహంలోనే ఉండిపోతోందని తేలింది. స్థూలంగా పదింట తొమ్మిది వంతులు వేడి, మిగతాది లోపల. ఆ మిగిలిన కొద్దిపాటి శక్తే తర్వాత రేకును వేడి చేసినప్పుడు కొత్త గ్రెయిన్లను పుట్టిస్తుంది. దీని పని కాసేపట్లో చూద్దాం.

రెండోది ఇంకా మొండి ప్రశ్న. ఒక తలం మొత్తం ఒకేసారి జారాలంటే ఎంత బలం కావాలో లెక్క వేస్తే, వాస్తవంలో స్ఫటికం జారే బలం కంటే అది వందల వేల రెట్లు ఎక్కువ. ఎక్కడ తేడా? మా దగ్గర వడ్లు ఆరబోసే పట్టా తడిస్తే ఎవరూ మొత్తం పట్టాను ఈడ్వరు. ఒక అంచున మడత లేపి, ఆ మడతను అటు చివరిదాకా నెట్టుకుంటూ పోతారు. మడత బయటికి పోయేసరికి పట్టా ఒక జానెడు జరుగుతుంది. స్ఫటికంలోనూ అలాంటి మడత ఒకటుంటుందని, అది పాకుతూ పోతుంటే తలం కొంచెం కొంచెంగా జారుతుందని 1934లో టేలర్ ప్రతిపాదించారు. అదే ఏడాది ఒరొవాన్, పొలాన్యి కూడా విడివిడిగా అదే మాట చెప్పారు. దాన్నే డిస్‌లొకేషన్ అంటాం. చెప్పినప్పుడు ఎవరూ చూడలేదు. 1956లో అదే కావెండిష్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద హిర్ష్ బృందం పల్చటి రేకులో అవి కదలడం కళ్లారా చూసింది. ఆ రేకు కూడా అల్యూమినియమే.

1938లో ఒక్క స్ఫటికం నుంచి మామూలు రేకుకు వచ్చారు. వేల గ్రెయిన్లు కలిసి ఉన్నప్పుడు ప్రతిదీ పక్కవాటితో అతుక్కునే ఉండాలి, మధ్యలో ఖాళీ రాకూడదు. అలా ఉండాలంటే ప్రతి గ్రెయిన్‌లోనూ కనీసం ఐదు దారులు ఒకేసారి పనిచేయాలి. పన్నెండింట్లోంచి ఐదింటిని ఎంచడానికి 792 విధాలు. వాటిలో తక్కువ శ్రమతో పనయ్యే కూర్పు ఏదో ఒక్కో దిక్కుకూ చేత్తో లెక్కకట్టారు. దాన్నిబట్టి లాగినప్పుడు ఏ గ్రెయిన్ ఎటు తిరుగుతుందో ఒక పటం గీశారు. కొన్ని కూర్పులు ఆయన లెక్కలో జారిపోయాయి. 1951లో బిషప్, హిల్ ఇంకో దారిలో వచ్చి సరిచేశారు. ప్రతి గ్రెయిన్ రేకుతో సమానంగా సాగుతుందన్న ఆయన ఊహ కూడా పూర్తిగా నిజం కాదు. అయినా ఈరోజు టెక్స్చర్ లెక్కించే సాఫ్ట్‌వేర్లు మొదలుపెట్టేది ఆ 1938 నాటి ఊహ నుంచే.

వేడి రోలర్ల కింద ఏమవుతుంది

ఇప్పుడు మళ్లీ గిన్నె దగ్గరికి. నిజాంసాగర్ ఆయకట్టులో కోతల ముందు గాలివాన కొడితే వరి మొత్తం ఒక పక్కకు పడిపోతుంది. హార్వెస్టర్ ఒక దిక్కు నుంచి వెళ్తే సాఫీగా కోస్తుంది, ఇంకో దిక్కు నుంచి వెళ్తే సగం గింజ మట్టిపాలు. అదే చేను, అదే వరి. వాలు తెచ్చిన తేడా. రోలర్ల మధ్య నలిగిన అల్యూమినియంలో గ్రెయిన్లు కూడా టేలర్ చూపించినట్టు జారుతూ తిరుగుతూ కొన్ని ప్రత్యేకమైన దిక్కులకు వాలిపోతాయి. ఆ వాలునే టెక్స్చర్ అంటారు. టెక్స్చర్ ఉన్న రేకు ఒక దిక్కులో ఎక్కువ సాగుతుంది, ఇంకో దిక్కులో తక్కువ. గిన్నెలా లాగితే ఎక్కువ సాగిన చోట చెవి లేస్తుంది. స్ఫటికం నలుచదరపు సౌష్ఠవం ఉన్నది కాబట్టి చెవులు సాధారణంగా నాలుగు.

డై తప్పు కాదు, నూనె తప్పు కాదు. గిన్నె ప్రెస్ దగ్గరికి రాకముందే, హాట్ రోలింగ్ మిల్లులోనే ఆ చెవుల కథ సగం రాసేశారు.

హాట్ రోలింగ్‌లో మందపాటి దిమ్మెను 500 డిగ్రీల దరిదాపుల్లో వేడి చేసి, రోలర్ల మధ్య ఒకదాని తర్వాత ఒకటిగా పాస్‌లు ఇస్తూ పల్చబరుస్తారు. ఇక్కడ పోటీ రెండింటి మధ్య. రోలర్ నలిపిన కొద్దీ గ్రెయిన్లు రోలింగ్ వాలులోకి పోతాయి. వేడికి మాత్రం కొత్త గ్రెయిన్లు పుట్టాలని చూస్తాయి, టేలర్, క్విన్నీ కొలిచిన ఆ మిగులు శక్తి వీటికి మేత. కొత్తగా పుట్టే వాటిలో క్యూబ్ అనే దిక్కు బలంగా ఉంటుంది, అంటే స్ఫటికపు ఘనం అంచులు రేకు పొడవుకు, వెడల్పుకు సమాంతరంగా పడుకుంటాయి. రోలింగ్ వాలు ఎక్కువైతే చెవులు రోలింగ్ దిశకు 45 డిగ్రీల్లో లేస్తాయి. క్యూబ్ ఎక్కువైతే రోలింగ్ దిశలోనూ, దానికి అడ్డంగానూ లేస్తాయి.

అందుకే మిల్లులో ఆపరేటర్ ముందున్న ప్రతి మీటా లెక్కలోకి వస్తుంది. దిమ్మె ఎంత వేడిగా లోపలికి పోయింది, ఒక్కో పాస్‌లో ఎంత నలిపారు, ఎంత వేగంగా నలిపారు, చివరి రోలర్ దాటేసరికి ఎన్ని డిగ్రీలుంది. వేగం, వేడి రెండింటినీ కలిపి ఒకే అంకెలో చెప్పే జీనర్-హొల్లొమన్ పరామితి ఒకటుంది. ఎక్కువ వేడి, తక్కువ వేగం అయితే ఆ అంకె చిన్నది, క్యూబ్ గ్రెయిన్లు నలుగుతూ కూడా బతికి, తర్వాత పెరగడానికి సిద్ధంగా ఉంటాయి. చివరి వేడి సరిపడా ఉంటే, చుట్ట చుట్టాక దాని సొంత వేడికే కొత్త గ్రెయిన్లు వస్తాయి, వేరే కొలిమి అక్కర్లేదు. చల్లబడిపోయి బయటికొస్తే పాత వాలే మిగిలిపోతుంది. ఇక రోలర్‌కు ఆనుకున్న పైపొర ఇంకో లోకం. రాపిడి వల్ల అక్కడ కోత ఎక్కువ, రేకు మధ్యభాగంలో ఉన్న టెక్స్చర్ పైన ఉండదు. మిశ్రలోహంలో ఇనుము, మాంగనీసుతో ఏర్పడే గట్టి రేణువులు కాస్త పెద్దవైతే వాటి చుట్టూ పుట్టే గ్రెయిన్లు దిక్కూ దివాణం లేకుండా పుడతాయి. ఇది ఒక్కోసారి మంచికే.

కూల్‌డ్రింక్ క్యాన్ చేసేవాళ్లు ఈ పోటీనే వాడుకుంటారు. హాట్ రోలింగ్ చివర కావాలనే క్యూబ్ టెక్స్చర్ తెప్పిస్తారు. తర్వాత చల్లగా రోల్ చేసినప్పుడు 45 డిగ్రీల వాలు దాని మీద పడుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే చెవులు దాదాపు ఉండవు. చెవి ఉంటే అంచు కోసి పారేయాలి. ఒక్క క్యాన్‌కు మిల్లీమీటరు పోయినా, రోజుకు లక్షల క్యాన్లు తీసే లైన్లో అదెంత స్క్రాపో మీరే లెక్కేసుకోండి. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఈ డబ్బు గురించి. నేను నూనె గురించి చెప్పాను.

మెటలర్జీ, మెకానికల్ చదువుతూ కోర్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్, మిధాని, ఎన్‌ఎఫ్‌సీ, ఏఆర్‌సీఐ, ఎన్‌ఎఫ్‌టీడీసీ, ఇవన్నీ లోహం నలిపే, కొలిచే చోట్లే. ఎన్‌ఎఫ్‌సీలో చేసే జిర్కోనియం ట్యూబుల్లో కూడా టెక్స్చర్ కీలకం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గ్రెయిన్ దిక్కులు కొలిచే ఈబీఎస్‌డీ డేటాను చదవడానికి ఎంటెక్స్ అనే ఉచిత టూల్‌బాక్స్ ఉంది, అది మ్యాట్‌ల్యాబ్‌లో నడుస్తుంది. కాలేజీ లైసెన్సు ఉండగానే దాన్ని ఒకసారి తెరిచి చూడండి. నాలాగా పాసై బయటికొచ్చాక అయితే అదీ దొరకదు.

లంగరు, బాంబు, గిన్నె

టేలర్ మిగతా జీవితం చాలా మందికి ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది, నేను మాత్రం త్వరగా చెప్పేస్తాను. 1925లో స్టెఫానీ రావెన్‌హిల్ అనే స్కూల్ టీచర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ సొంత పడవలో నార్వే ఉత్తర తీరంలోని లొఫొటెన్ దీవుల దాకా పోయొచ్చారు. మామూలు లంగరు బరువెక్కువ, పట్టు తక్కువ అనిపించి, నాగలి ఆకారంలో కొత్త లంగరు కనిపెట్టి 1933లో పేటెంట్ తీసుకున్నారు. సీక్యూఆర్ పేరుతో అది ఇప్పటికీ పడవల మీద కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పేలుళ్ల లెక్కలు ఆయన దగ్గరికి వచ్చాయి. లాస్ అలమోస్ వెళ్లి 1945 జులై 16న మొదటి అణుబాంబు పరీక్షను కళ్లారా చూశారు. తర్వాత ప్రభుత్వం విడుదల చేసిన ఫొటోల్లో నిప్పుగోళం ఏ క్షణానికి ఎంత వెడల్పుందో కొలిచి, బాంబు శక్తి సుమారు 17 వేల టన్నుల టీఎన్‌టీతో సమానమని 1950లో అచ్చేశారు. ఇంటర్నెట్లో టేలర్ పేరు కొడితే ముందు వచ్చేది ఈ కథే. తెలివి సంగతి ఒప్పుకుంటా గానీ, ఆ ఫొటో చూసి చప్పట్లు కొట్టడానికి నాకు చేతులు రావు.

1952లో రిటైరయ్యారు, పని మాత్రం మానలేదు. బాక్టీరియానో వీర్యకణమో అన్నంత చిన్న జీవులు చిక్కటి ద్రవంలో ఎలా ఈదుతాయో లెక్కించారు. కరెంటు పెట్టిన ద్రవపు బొట్టు శంఖంలా కొనదేలి సన్నటి ధార చిమ్మడం మీద 1964లో రాశారు. ఇప్పుడు ల్యాబుల్లో నానోఫైబర్లు తీసే ప్రతి యంత్రం సూది కొసన కనిపించేది ఆ టేలర్ కోనే. 1972లో పక్షవాతం వచ్చేదాకా ల్యాబుకు వెళ్తూనే ఉన్నారు. 1975 జూన్ 27న కేంబ్రిడ్జ్‌లో చనిపోయారు. ఎలమ్ ఆయన కంటే ఇరవై ఏళ్లు ఎక్కువ బతికి, 1995లో 101 ఏళ్ల వయసులో పోయారు.

నాకు చివరికి దొరికింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. పోయిన పండక్కి ఇంటికొచ్చినప్పుడు నిజామాబాద్‌లో అల్యూమినియం గిన్నెలు చేసే ఒక చిన్న షెడ్డుకు వెళ్లాను. తయారైన గిన్నెల అంచులన్నీ సమంగానే ఉన్నాయి, కోసి మడిచేస్తారు కదా. మూలన స్క్రాపు గంపలోకి చూశాను. కోసి పారేసిన రింగులు కుప్పగా పడి ఉన్నాయి. ఒకటి తీసి నేల మీద పరిచాను. నాలుగు చోట్ల వెడల్పు, నాలుగు చోట్ల సన్నం. ఇంకోటి తీసి దాని మీద పెట్టి కాస్త తిప్పితే, రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. షెడ్డాయన నన్ను వింతగా చూసి, కావాలంటే ఉంచుకోమన్నాడు.